ఆఖరి వరుస దాకా

రాజీవ్ బూట్లకు అంటుకున్న మట్టిని త్రివేణి గరాజ్‌లో కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో గీకుతోంది. గ్రీసు దేశంలో మైసీనీ అనే కొండకోట మట్టి అది. మూడువేల ఏళ్లు పైబడిన కోట. దాన్ని ఒక్కసారి కళ్లారా చూడాలని పద్నాలుగేళ్లు కలగన్న మనిషి, చూసొచ్చిన నాలుగో రోజున అమెరికాలో, రెడ్‌మండ్‌లోని ఇంట్లో మొగుడి బూట్ల అంచుల్లోంచి దాన్ని దులిపి చెత్తబుట్టలో పోస్తోంది. కుడిచేతి మణికట్టు ఇంకా వాచే ఉంది కాబట్టి ఎడమచేత్తో గీకుతోంది. లోపల డ్రయర్‌లో ఆయన చొక్కాలు తిరుగుతున్నాయి.

"శనివారం లంచ్‌కి అందర్నీ పిలిచా. పదిహేను మంది అవుతారు. గుత్తివంకాయ చెయ్యి, రఘుకి ఇష్టం. ఫోటోలు సార్ట్ చేసి ఆల్బమ్ పెట్టు, టీవీలో వేద్దాం. హంసిక ఫోన్‌లోవి కూడా కలుపు" అని చెప్పి పొద్దున ఆఫీస్‌కి వెళ్లాడు రాజీవ్. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "వాళ్ల ముందు ఆ ఏడుపు మొహం పెట్టకు. యూరప్ తిప్పుకొచ్చాను నిన్ను" అన్నాడు.

వాళ్ల స్నేహితుల్లో అదో ఆనవాయితీ. ఎవరు ఏ దేశం వెళ్లొచ్చినా, తిరిగొచ్చిన వారంలో అందరికీ భోజనం పెట్టి ఫోటోలు చూపించాల్సిందే. మొగుళ్లు సోఫాలో కూర్చుని టికెట్లు ఎంత చవగ్గా కొట్టారో చెబుతారు. పెళ్లాలు గరిటె పట్టుకుని వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతూ, తాము వెళ్లొచ్చిన దేశాన్ని తలుపు దగ్గర నిలబడి చూస్తారు.

బూట్లు ఆరబెట్టి, చేతులు కడుక్కుని, వంటింటి గట్టు మీద లాప్‌టాప్ తెరిచింది. ఒక పక్క చొక్కాలు మడతపెడుతూ ఇంకో పక్క ఫోటోలు జరుపుతోంది. ఏథెన్స్ నుంచి రెండు రోజుల బస్ టూర్ వాళ్లది. మొదటిరోజు మైసీనీ, సాయంత్రానికి సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊళ్లో హోటల్, రెండోరోజు ఎపిడారస్‌లో పాత రాతి థియేటర్. బస్సులో ఇరవై మంది. అంతా తెల్లవాళ్లే, రాజీవ్, త్రివేణి, కూతురు హంసిక తప్ప.

మైసీనీలో సింహద్వారం ముందు ఎలెని అనే గైడు అందర్నీ ఆపి, ఇంత పెద్ద గోడ బరువు మీద పడుతున్నా గుమ్మం పైన ఉన్న రాతి దూలం ఎందుకు విరగలేదో చెప్పమంది. త్రివేణికి నోరు ఆగలేదు. దూలం పైన కావాలనే మూడుకోణాల ఖాళీ వదిలారని, బరువంతా పక్కలకు జారిపోతుందని, ఆ ఖాళీని సింహాలు చెక్కిన పలచని రాయితో మూశారని చెప్పింది. ఎలెని కళ్లు పెద్దవి చేసి, "మీరు ప్రొఫెసరా?" అని అడిగింది. ఆ రోజల్లా బస్సులో అందరూ ఆమెను ప్రొఫెసర్ అనే పిలిచారు. గుంటూరు కాలేజీలో చరిత్ర చెప్పిన రోజులు, రెండు వేసవులు తవ్వకాల్లో ఎండన పడి కుండపెంకులు ఏరిన రోజులు, అన్నీ కట్ట తెగినట్టు వచ్చి పడ్డాయి. డిపెండెంట్ వీసా మీద విమానం దిగాక ఎవరైనా ఆమెను ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం అదే మొదలు.

ఆ సాయంత్రానికి ఫోటోలు లేవు.

హోటల్ గదిలోకి వెళ్లగానే రాజీవ్ హంసికను బాల్కనీలోకి పంపి అద్దం తలుపు మూశాడు. "చెప్పండి లెక్చరర్‌గారూ. నేనెవర్ని? మీ సూట్‌కేస్ మోసేవాణ్ణా?" అని నెమ్మదిగా అడిగాడు. మణికట్టు పట్టుకుని తిప్పాడు. బంగారు గాజు వంగి చర్మంలోకి దిగేదాకా తిప్పాడు. తర్వాత మంచానికి అదిమిపెట్టి మోకాలితో తొడమీద మూడుసార్లు పొడిచాడు. దిండు నోట్లో కుక్కుకుంది త్రివేణి. పక్కగదిలో ఎవరో నవ్వుకుంటున్నారు. అయిపోయాక అద్దంలో జుట్టు సర్దుకుని, "కింద బఫే మొదలైంది, పదండి" అన్నాడు.

మొహం మీద మాత్రం కొట్టడు. అదొక నియమం ఆయనకు, దానికి ఆయన గర్వపడతాడు కూడా. ఒకసారి కారు తలుపు ఆమె వేళ్ల మీద వేశాడు. ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు, డాక్టరుకు ఎలా జరిగిందో కూడా ఆయనే చెప్పాడు, గాలికి మూసుకుందని. "పదిహేనేళ్లలో నీ మొహం మీద చెయ్యేశానా? మా నాన్న మా అమ్మని వీధిలోకి ఈడ్చి కొట్టేవాడు. నేను చదువుకున్నవాణ్ణి" అంటాడు. అత్తగారు ఫోన్లో అదే మాట ఇంకోలా అంటుంది: "వాళ్ల నాన్నతో పోలిస్తే వాడు దేవుడమ్మా. నీ అదృష్టం." దేవుడికి నైవేద్యం పెట్టే పని త్రివేణిదే.

ఇక హంసిక ఫోన్‌లోవి. పదకొండేళ్ల పిల్ల, ఎక్కువగా పిల్లులను ఫోటోలు తీసింది. గ్రీసు నిండా పిల్లులే ఉన్నాయి మరి. చివర్లో ఒక వీడియో, ఏడు నిమిషాలది. ఎపిడారస్ థియేటర్ ఆఖరి వరుసలోంచి తీసింది.

యాభై అయిదు వరుసల రాతి మెట్లు, అర్ధచంద్రంలా. అడుగున గుండ్రటి మైదానం, దాని నడిమధ్య ఒక రాయి. ఆ రాయి మీద కాగితం చింపినా ఆఖరి వరుస దాకా వినిపిస్తుందని, అదే ఈ చోటి మహిమ అని ఎలెని బస్సులోనే చెప్పింది. ఆ సమయంలో రాజీవ్ ఆఫీసు మెసేజ్‌లకు జవాబులిస్తున్నాడు. "మన ప్రొఫెసర్ కింద ఉంటుంది" అని ఎలెని త్రివేణిని రాయి మీద నిలబెట్టి అందరితోపాటు పైకి ఎక్కేసింది. ఫోటోలు తీస్తానని రాజీవ్ కింద ఉండిపోయాడు.

వీడియోలో చీమంత త్రివేణి ఒక నాణెం పడేసింది. ఖంగుమంది. కాగితం చింపింది. అది కూడా స్పష్టంగా వినిపించింది. తన భాషలో ఏదైనా చెప్పమని ఎలెని పైనుంచి అరిచింది. "నా పేరు త్రివేణి. గుంటూరులో పిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని. ఇక్కడికి రావాలని చాలా ఏళ్లు అనుకున్నాను." ఆ గొంతు తనదేనని త్రివేణి ఒక్క క్షణం నమ్మలేదు. పైన అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు రాజీవ్ నడిచొచ్చాడు. వీపు మెట్లవైపు పెట్టి, ఒక చెయ్యి ఆమె భుజం చుట్టూ వేసి దగ్గరికి తీసుకున్నాడు. పైనుంచి చూసేవాళ్లకు భార్యను చూసి మురిసిపోయిన భర్తే కనిపిస్తాడు. పరాయి దేశంలో మనవాళ్లకు ఒక ధీమా ఉంటుంది, తెలుగులో ఎవణ్ణి ఏమన్నా ఎవడికి అర్థమవుతుందిలే అని. లిఫ్టుల్లో, షాపుల్లో పక్కనున్నవాణ్ణి పక్కనే తిట్టుకుంటారు. రాజీవ్ గుసగుసగానే అన్నాడు. ఆఖరి వరుసలో ఉన్న ఫోన్‌లోకి ఒక్క అక్షరం కూడా పోకుండా వచ్చింది.

"షో చేస్తున్నావే ముండా? నిన్న రూమ్‌లో ఇచ్చింది సరిపోలేదా? నవ్వు. నవ్వుతూ దిగు."

తర్వాత ఒక చప్పుడు. బియ్యం బస్తా నేలమీద పడేస్తే వచ్చే చప్పుడు. పక్కటెముకల మీద పిడికిలి. ఆ వెంటనే ఆమె నోట్లోంచి సగం వచ్చి ఆగిన "అమ్..."

త్రివేణి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. అయితే అందరూ విన్నారు. మెట్లు దిగి పరుగెత్తుకొచ్చిన ఎలెని విన్నది. బస్సులో పక్కన కూర్చుని దారిపొడుగునా చెయ్యి పట్టుకున్న ఒహాయో ముసలావిడ డోరతీ విన్నది. కడుపునొప్పి అని రాజీవ్ చెప్పినప్పుడు వాళ్లంతా కిటికీలోంచి బయటకు చూశారు. బస్సులో వాళ్లు మంచినీళ్లు అందిస్తుంటే అభిమానం కొద్దీ అనుకుంది అప్పుడు తను. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. వీడియో ఆపేయబోయింది. అప్పుడు డోరతీ గొంతు వచ్చింది, ఫోన్‌కు దగ్గరగా, ఇంగ్లిష్‌లో: "బంగారూ, అది మీ అమ్మేనా? ఏమైంది?"

హంసిక ఇంగ్లిష్‌లోనే జవాబిచ్చింది, మామూలు గొంతుతో. "పర్లేదు. ఒక్కటే. ఒక్కటైతే అమ్మ ఏడవదు."

ఫోన్ కదలలేదు. చప్పుడుకు ముందు బొమ్మ ఎంత నిలకడగా ఉందో తర్వాత కూడా అంతే నిలకడగా ఉంది.

అయితే పిల్ల లెక్కపెట్టుకుంటోంది. గోడ అవతల హోంవర్క్ చేసుకుంటూ, బాల్కనీలో పిల్లుల్ని చూస్తూ, ఒకటి, రెండు, మూడు. ఎన్ని దెబ్బలకు అమ్మ ఏడుస్తుందో దానికి తెలుసు. పాపకు తెలియకూడదని త్రివేణి ఎన్ని దిండ్లు కొరికిందో! పాప కోసమే ఓర్చుకుంటున్నానని ఎన్నిసార్లు అనుకుందో! ఓర్చుకోవడాన్నే పాపకు పాఠంగా చెప్పింది, మొత్తానికి మంచి టీచరే తను. ఆ గట్టు మీదే తల వాల్చి బిగ్గరగా ఏడ్చింది. ఒక్కదానికి కూడా ఏడవచ్చని ఇన్నేళ్లూ తోచలేదు.

డిలీట్ గుర్తు మీద వేలు పెట్టింది. రాజీవ్ మాట చెవిలో మోగింది: "నేను కాదంటే నీకు వీసా లేదు. హంసిక ఇక్కడ పుట్టింది, అమెరికన్. నువ్వు పోతావు, అది నా దగ్గరుంటుంది." ఎప్పుడు అన్నా ఆ మాటతో నోరు మూతపడేది. వేలు చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత వెనక్కి తీసింది. బస్సు దిగేముందు డోరతీ టూర్ కాగితం వెనక తన నంబర్ రాసి ఇచ్చింది, కింద 'నలభై ఏళ్లు ఎమర్జెన్సీ నర్సుని' అని కూడా రాసింది. త్రివేణి మొదట ఆవిడకు, ఆవిడ చెప్పాక ఊళ్లో మన ఆడవాళ్లకు సాయంచేసే సంస్థకు ఫోన్ చేసింది. అక్కడి లాయరమ్మ అన్నీ విని, "వీసా ఆయన జేబులో తాళంచెవి కాదండీ. దెబ్బలు తినేవాళ్లకు చట్టంలో వేరే దారులున్నాయి. పిల్లను ఆయన ఒక్కడే లాగేసుకోలేడు. సాక్ష్యం ఏమైనా ఉంటే పోగొట్టకండి" అంది. త్రివేణి వీడియో కాపీ ఒకటి ఆవిడకు పంపింది. తర్వాత ఆల్బమ్‌లో అది ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టింది, పిల్లుల తర్వాత.

శనివారం పదిహేను మంది వచ్చారు. గుత్తివంకాయ, పులిహోర, కోడివేపుడు అన్నీ ఎడమచేత్తోనే కలిపింది. "చెయ్యేమైంది?" అని రఘు భార్య జయంతి అడిగితే "బస్సు దిగుతుంటే మెలికపడింది" అని రాజీవ్ జవాబు చెప్పాడు. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండ్ మీద త్రివేణి హ్యాండ్‌బ్యాగ్ ఉంది. అందులో రెండు పాస్‌పోర్టులు, హంసిక బర్త్ సర్టిఫికెట్, వీధి చివర సంస్థ వాళ్లు పెట్టి ఉంచిన కారు నంబర్ రాసుకున్న చీటీ ఉన్నాయి.

రాజీవ్ కొత్తగా కొన్న స్పీకర్లు ఆన్ చేసి, టూర్ మొత్తం తనే తవ్వి తీసినట్టు చెబుతున్నాడు. సింహద్వారం వచ్చింది. "దూలం ఎందుకు విరగలేదో చెప్పండి చూద్దాం" అని అందర్నీ అడిగి, జవాబు కూడా తనే చెప్పాడు, త్రివేణి చెప్పిన మాటల్లోనే. రఘు భలే అన్నాడు. పిల్లులు వచ్చాయి. పిల్లలు నవ్వారు. తర్వాత థియేటర్ వచ్చింది.

నాణెం ఖంగుమంది. "సౌండ్ చూశారా?" అన్నాడు రాజీవ్. టీవీలో ఆయన నడిచొచ్చి భార్యను దగ్గరికి తీసుకున్నాడు. "అబ్బో, రాజీవ్‌గారూ! అందరి ముందే?" అని జయంతి నవ్వింది.

ఆ నవ్వు మధ్యలో హాలు నాలుగు మూలల నుంచీ ఆయన గుసగుస వచ్చింది. ఈసారి విన్నవాళ్లందరికీ తెలుగు వచ్చు.

ప్లేట్లలో చెంచాలు ఆగిపోయాయి. బియ్యం బస్తా పడ్డ చప్పుడు. సగంలో ఆగిన "అమ్..." తర్వాత డోరతీ ప్రశ్న, పిల్ల జవాబు.

రఘు గొంతు సవరించుకున్నాడు. "వీడియోకీ ఆడియోకీ కలవలేదనుకుంటా. ఫోన్లలో ఒక్కోసారి అలాగే..." అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

"కలిసింది అన్నయ్యా. మళ్లీ చూపిస్తాను" అంది త్రివేణి. రిమోట్ ఆమె చేతిలోనే ఉంది. వెనక్కి తిప్పి, సౌండ్ పెంచింది.

రెండోసారి "ముండా" అన్న మాట దగ్గర రాజీవ్ సోఫా మీంచి లేచాడు. "ఆపవే!" అంటూ వాచిన మణికట్టునే పట్టుకుని తిప్పాడు. రిమోట్ వదల్లేదు త్రివేణి. పదిహేనేళ్ల నియమం అక్కడ తెగిపోయింది. మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం చుడీదార్ మీద పడింది. ఎవరిదో పసిపాప ఏడుపు లంకించుకుంది. రఘు వెనకనుంచి రాజీవ్ చేతులు పట్టుకున్నాడు. జయంతి ప్లేటు కిందపడి పగిలింది. "ఫోన్ చెయ్యండి, పోలీసులకి ఫోన్ చెయ్యండి ఎవరైనా!" అని ఆవిడ అరుస్తోంది.

మెట్ల మీద కూర్చున్న హంసిక కదలలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఒకటి.

త్రివేణి చూసింది. చెప్పుల స్టాండ్ మీద బ్యాగ్ తీసుకుని భుజానికి వేసుకుంది. మెట్ల దగ్గరికి వెళ్లి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

"హంసీ, ఒక్కటి కూడా పర్లేదు కాదమ్మా."

నెమ్మదిగానే అంది. హాల్లో ఆఖరి మనిషి దాకా వినిపించింది.

"షూస్ వేసుకో" అంది.