డాక్టరమ్మకు పెట్టిన దొంగ పరీక్ష

పెళ్ళయి ఇరవై రోజులు కాలేదు, కొత్త కోడలికి ఇంట్లో ఒకరి మీద కన్ను కుట్టింది. ఆ ఒకరికి నాలుగు కాళ్ళు, ఒక తోక. పేరు డాక్టరమ్మ. గడియారాలు బాగుచేసే మొగుడి బల్ల పక్కనే రోజంతా కూర్చుంటుంది. అతని షుగర్ పడిపోతుంటే వాసన పట్టి మోకాలి మీద పంజా వేస్తుంది. అతను మీటర్లో చూసుకుని పళ్ళరసం తాగుతాడు. కుక్కకు బిస్కెట్టు.

"అది పంజా వేస్తే చేతిలో పని వదిలేస్తారు. నేను పిలిస్తే మాత్రం ఒక్క మర బిగించి వస్తానంటారు" అని అత్తగారి దగ్గర వాపోయింది.

"అది నీకంటే మూడేళ్ళు ముందొచ్చిందే ఈ ఇంటికి. సర్దుకుపో" అందావిడ, నవ్వు దాచుకోకుండా.

ఊరుకుంటే కొత్త కోడలెందుకవుతుంది? కుక్కకు నేర్పడం కోసం, షుగర్ పడిపోయినప్పుడు అతని చెమట అద్దిన దూదిని చిన్న డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్లో ఎప్పట్నుంచో దాచి ఉంచారు. ఒకరోజు పొద్దున్నే అందులో ఒక డబ్బా తీసి, మూత వదులు చేసి మొగుడి చొక్కా జేబులో జారవిడిచింది.

పంజా. మీటరు. నూట ఇరవై. మళ్ళీ పంజా, మళ్ళీ మీటరు, నూట పద్దెనిమిది. మూడోసారి డాక్టరమ్మ మూతి తిన్నగా జేబులోనే దూర్చింది. డబ్బా దొరికింది. తలుపు చాటున కిసుక్కుమన్న కోడలూ దొరికింది.

"దొంగమొహమా" అని అతను చొక్కా మార్చుకున్నాడు. డబ్బా ఫ్రీజర్లోకి పోయింది.

మధ్యాహ్నం అతను మొండి గడియారమొకటి పట్టుకుని భోజనానికి లేవలేదు. డాక్టరమ్మ పంజా వేసింది.

"ఈసారి ఎక్కడ దాచావే?"

"నేనేం దాచలేదండీ."

అతను జేబులు తిరగేశాడు, చెప్పులు దులిపాడు, కుర్చీ కింద వెతికాడు. పట్టకారు జారి చిన్న మర ఎటో ఎగిరిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, అతని నుదుటి మీద చెమట. ఆమె నవ్వు ఎండిపోయింది.

"ముందు మీటరు చూసుకోండి."

"చూస్తే నవ్వుతావు. చూడను గాక చూడను."

పొద్దుటి ఆటతో తన మాట మీద నమ్మకాన్ని తనే పోగొట్టుకుందని ఆమెకు అప్పుడర్థమైంది. బతిమాలితే వినడు. అందుకే పంతానికి పోయింది.

"పందెం. నేను దాచి ఉంటే నెల రోజులు గిన్నెలన్నీ నేనే తోముతా. లేకపోతే మీరు."

గిన్నెల మాట వినగానే మీటరు పరీక్షకు వేలు చాచాడు. యాభై నాలుగు.

పళ్ళరసం గ్లాసు అతని పళ్ళకు తగిలి టకటకలాడింది. పావుగంట పాటు ఆమె ఒక పక్క, డాక్టరమ్మ ఒక పక్క కదలకుండా కూర్చున్నారు. రెండో పరీక్షలో తొంభై దాటాకే ఆమె ఊపిరి పీల్చుకుని, బిస్కెట్ల డబ్బా మొత్తం కుక్క ముందు పెట్టేసింది.

"నన్ను ఏడిపించాలనుంటే కాఫీలో ఉప్పు వెయ్యి. దాని ఉద్యోగం జోలికి మాత్రం పోకు" అన్నాడతను.

"సరేనండీ" అంది, బుద్ధిగా.

మర్నాడు పొద్దున్న కాఫీ ఒక గుక్క మింగి అతను మంచినీళ్ళ చెంబు అందుకున్నాడు. డాక్టరమ్మ వచ్చి ఓసారి కప్పు వాసన చూసి, ఇది తన శాఖ కాదన్నట్టు వెళ్ళి పడుకుంది.