బాన నిండేదాకా ఆగు

రైతులకు సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవకుడి ఉద్యోగంలో నేను భయపడింది ఎండకు కాదు, రోజూ ఇరవై మైళ్లు సైకిలు తొక్కడానికీ కాదు, మనుషులకు. నలుగురు ఒకచోట కూర్చుని నా మొహం చూస్తే చాలు, చెప్పాల్సింది మరిచిపోయేవాణ్ణి. శిక్షణ కేంద్రంలో పటాలు చూపిస్తూ ఎలా మాట్లాడాలో మూడు నెలలు నేర్పారు. పటాలు మాత్రం బాగా పట్టుకునేవాణ్ణి.

1959లో నన్ను తనకల్లు దగ్గర ఒక పల్లెలో వేశారు. మొదటి సభకే బ్లాకు అధికారి వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. "ప్రియమైన కర్షక సోదరులారా" అని మొదలుపెట్టాను. కాగితంలో ఉన్నదంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతూ మధ్యలో ఒక్క మాట మరిచిపోయాను. అంతే, బండి ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో, "ఏమప్పా జిలాన్ బాషా, సోదరులు యాడికి పోయినారు?" అన్నాడు. ఊరంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

అధికారి జీపు ఎక్కుతూ, "వచ్చే నెల మళ్లీ వస్తాను. అప్పుడూ ఇంతే అయితే కదిరికి పోయి మీ నాయన పక్కన కుట్టుమిషను తొక్కుకో" అన్నాడు. మా నాయన అబ్దుల్ గఫూర్ దర్జీ. మా ఇంట్లో సర్కారు ఉద్యోగం దొరికింది నాకొక్కడికే. ఆ సంగతి ఆయన కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని తిరిగి పోయేది?

నేను అద్దెకున్న గది శ్రీరంగప్ప తోట పక్కన. ఆయన ఊళ్లో పెద్ద రైతు. ఆయన జీతగాడు సుంకప్ప, యాభై దాటినవాడు, తెల్లారకముందే బావి దగ్గర కపిల తోలేవాడు. ఎద్దులు వాలులో దిగితే తోలుబాన నీళ్లతో పైకి వస్తుంది. అవి వెనక్కి నడుచుకుంటూ వాలెక్కితే ఖాళీ బాన బావిలోకి దిగుతుంది. ఎద్దులు వాలు దిగేటప్పుడు సుంకప్ప బానకు కట్టిన మోకు మీద కూర్చుని ఎద్దులతో మాట్లాడేవాడు. ఆ మాటలకే నాకు మెలకువ వచ్చేది. ఒకరోజు చూద్దును కదా, అవతల రెండు మళ్ల దూరంలో నీళ్లు కడుతున్న అతని భార్య ఆంజినమ్మ ఆ మాటలకు నవ్వుతోంది. అతను అరవడం లేదు. పక్కనున్న మనిషితో చెప్పినట్టే చెబుతున్నాడు. అంత దూరం ఎలా పోతోందో నాకు అంతుపట్టలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

సిగ్గు విడిచి అడిగాను. "సుంకన్నా, నాకు మాట్లాడేది నేర్పు."

"నేనేం నేర్పేదప్పా? రా, మోకెక్కు" అన్నాడు.

మోకెక్కి నా కాగితంలో ఉన్నదంతా మొదలుపెట్టాను. ఎద్దులు కదల్లేదు. ఒకటి తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు బ్లాకు అధికారిదే. సుంకప్ప నవ్వలేదు.

"వణికేమాట ఇనపడితే యెద్దు అడుగెయ్యదు. ఇంగొకటి, బాన బావిలో ఉన్నెప్పుడు నువ్వెందుకు మాట్లాడతాండావు? అది నిండేదాకా ఆగల్ల. పైకొచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పు. ఒక్కటే. నీళ్లు పొయ్యనీ. మళ్లా ఆగు."

"ఆగితే మరిచిపోతానే?"

"మరిచిపోతే అది చెప్పాల్సిన మాట కాదులే."

రోజూ తెల్లవారుజామున గంటసేపు తోలాను. బానకొక్క మాట. ఆంజినమ్మకు వినపడితే చెయ్యెత్తాలని ఒప్పందం. వారం రోజులు ఆ చెయ్యి లేవలేదు. అరిచి చూశాను, గొంతు బొంగురుపోయింది గానీ చెయ్యి లేవలేదు. ఎనిమిదో రోజు విసుగొచ్చి, కాగితం సంగతి వదిలేసి, పడమటి ఊళ్లో చూసి వచ్చింది చెప్పాను. ఎర్రగొంగళి పురుగులు దండుగా నడిచివచ్చి వేరుశెనగ చేలు మొండి చేశాయని, చేను చుట్టూ గాడి తవ్వితే అందులో పడి చస్తాయని, అందరూ ఒకేరోజు తవ్వకపోతే లాభం లేదని. నాలుగు బానలు పట్టింది. ఆంజినమ్మ చెయ్యెత్తడమే కాదు, పార పక్కన పడేసి అడిగింది: "అయి మన ఊరికి ఎన్నొద్దులకొస్తాయి సార్?"

నా మాట ఒక మనిషి పని ఆపించింది.

మూడో రోజే అధికారి వచ్చాడు. పురుగు అప్పటికి ఊరి పొలిమేరకు చేరింది. రచ్చకట్ట మీద రైతులు కూర్చున్నారు. జీతగాళ్లు అలవాటు ప్రకారం కట్ట దిగువన, ఎండలో, దూరంగా నిలబడ్డారు. సభలో వాళ్లు నోరెత్తే ఆచారం లేదు. నేను లేచాను. ఒక్క మాట చెప్పి ఆగాను. ఎవరూ నవ్వలేదు. రెండోది చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది. అధికారి తల ఊపాడు. నా ఉద్యోగం నిలిచిందని ఆ తల ఊపుతోనే తెలిసింది.

కానీ ఎవరూ లేవలేదు. "మొదట పక్కచేనోళ్లను తవ్వమను" అన్నాడు ఒకడు. "నా చేను నడిమధ్యలో ఉండాది, నాకెందుకు?" అన్నాడు ఇంకొకడు. పంట పోతోంది, నేను చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు కట్ట దిగువ నుంచి ఒక గొంతు వచ్చింది. అరుపు కాదు. నాకు బాగా తెలిసిన గొంతు.

"రేపు పొద్దున మా సామి చేనుకాడ మొదులుపెడతాము. ఆ చేను ఊరికంతా పడమర. ఆడ గాడి తవ్వితే మీ అందరి చేలకూ అడ్డం పెట్టినట్టే."

జీతగాడు సభలో మాట్లాడాడు. అడక్కుండా, యజమాని చేను పేరెత్తి మాటిచ్చాడు. శ్రీరంగప్ప మొహం ఎర్రబడింది. నేను తడబడితే ఒక ఉద్యోగం పోయేది. సుంకప్పకు కూడూ గూడూ రెండూ పోతాయి. అయినా గొంతు వణకలేదు. అంతకు మించిన ధైర్యాన్ని నేను జన్మలో చూడలేదు.

శ్రీరంగప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎవరు యాడ తవ్వల్లో కూడా నువ్వే చెప్పురా సుంకా. ఈడికి, పైకొచ్చి చెప్పు."

సుంకప్ప పైకి రాలేదు. ఉన్నచోటే నిలబడి, ఒక్కొక్క చేను పేరూ చెప్పడం మొదలుపెట్టాడు. కట్ట మీద కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అటు తిరిగి కూర్చున్నారు. చివరికి అధికారి కూడా కుర్చీ తిప్పుకున్నాడు.