ఎర్ర చుక్క పెట్టిన గాజు బిళ్ల

నేను ఒక గాజు బిళ్లను. రూపాయి నాణెమంత ఉంటాను. పాత కళ్లజోడులోంచి ఊడిపడ్డ ముక్క అనుకుంటారు చూసినవాళ్లు. అనుకోనివ్వండి. నా ఒక ముఖం నున్నగా ఉంటుంది. రెండో ముఖం మీద గుండ్రంగా తిరిగే మేడమెట్ల లాంటి మెలిక చెక్కి ఉంది. దాని ఎత్తు వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. లేజరు వెలుగు నాలోంచి పోయేటప్పుడు ఆ మెలికను తానూ పట్టుకుని, మరమేకులా తిరుగుతూ బయటికొస్తుంది. గోడ మీద పడితే చుట్టూ వెలుగు, నడుమ చీకటి. అచ్చం గారె.

దుమ్ము పడని ఒక గదిలో, తలకు గుడ్డలు చుట్టుకున్న మనుషులు నన్ను చెక్కారు. అక్కణ్నుంచి విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయానికి వచ్చాను. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన ప్రయోగశాల అది. పెట్టె విప్పింది టెక్నీషియన్ సన్యాసిరావు. నన్ను వెలుగుకెదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఏ పక్కనుంచి సూసినా ఒకలాగే ఉన్నాదేటి ఇది!" అన్నాడు. మర్నాడు కూతురి గోళ్లరంగు సీసా జేబులో వేసుకొచ్చి, మెలిక ఉన్న వైపు అంచున ఎర్ర చుక్క పెట్టాడు. చుక్క లేజరు వైపు ఉండాలి. అదే ఆ గదిలో చట్టం. ఎక్కడా రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు కదా అని.

నన్ను ఎక్కువగా వాడింది సువర్చల. ఆరేళ్లుగా అక్కడే పరిశోధన చేస్తోంది. ఆ మార్చితో గడువు ముగుస్తుంది, ఈలోగా థీసిస్ ఇవ్వకపోతే ఆరేళ్లూ గాలికి పోయినట్టే. ఆమె పని చూడముచ్చటగా ఉండేది. నీటిబొట్టులో కంటికి ఆనని గాజుపూసను వదిలి, నా గారె వెలుగులో పట్టి, ఆ వలయం వెంట గిరగిరా తిప్పేది. మామూలు నీళ్లలో పూస గడియారం ముల్లు తిరిగే వైపే తిరిగింది. ఆ సంగతి నోటుబుక్కులో ఎక్కించుకుంది. తరవాత తుమ్మజిగురు కలిపిన నీళ్లతో చూడాలనుకుంది.

ఆ పొద్దున నా మీద వేలిముద్ర కనబడింది ఆమెకు. దూదిని ఎసిటోన్‌లో ముంచి శుభ్రంగా తుడిచింది. శుభ్రత మంచిదే. కాని గోళ్లరంగును కరిగించేది కూడా ఆ ఎసిటోనే. చుక్క పోయింది. సన్యాసిరావు మోకాలి ఆపరేషనుకు సెలవులో ఉన్నాడు. ఆమె గమనించకుండా నన్ను తిరగేసి బిగించింది.

గోడ మీద గారె మాత్రం ఎప్పటిలాగే పడింది. గారెను తిరగేసినా గారెలాగే ఉంటుంది కదా! కాని నాతోపాటు వెలుగు మెలికా తిరగబడింది, పూస ఎదురు తిరిగింది.

సువర్చల నలభైసార్లు చూసింది, నలభైసార్లూ ఎదురే. జిగురు నీళ్లలో వెలుగు తన స్వభావం మార్చుకుంటోందని నమ్మింది. "మామూలు నీళ్లతో మళ్లీ ఒకసారి చూస్తాను సార్" అంది గైడు వేదాద్రి గారితో.

"పాత రీడింగులున్నాయి కదమ్మా. ఇంకొకడు ముందు అచ్చు వేసుకుంటే మనం చప్పట్లు కొట్టాలి. ముందు రాసెయ్" అన్నారాయన.

నాకు నోరుంటే అరిచేదాన్ని. మూడు నెలలు అందరూ కంప్యూటరు తెర వైపే చూశారు, బిళ్ల వైపు ఒక్కరూ చూడలేదు. పేపరు అచ్చయింది. గైడు గారు కొత్త కోటు కుట్టించుకుని సభలకు వెళ్లారు. సువర్చల వాళ్లమ్మకు ఫోనులో గాజుపూస గురించి గంటసేపు చెప్పింది. ఆ సంతోషం చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

సన్యాసిరావు కుంటుకుంటూ తిరిగొచ్చాడు. నా దుమ్ము ఊదబోయి ఆగిపోయాడు.

"ఏటమ్మా, ఎర్ర సుక్క ఏదీ?"

ఆమె నన్ను విప్పి, తిరగేసి బిగించింది. జిగురు నీళ్లలో పూస గడియారం ముల్లులాగే తిరిగింది, బుద్ధిగా. జిగురు నీళ్ల సంగతంతా తప్పేనని సువర్చలకు తెలిసిపోయింది.

"తప్పు నాదేనమ్మా. గోళ్లరంగు పెట్టకుండా గీత గీసుంటే సరిపోయేది" అన్నాడతను.

"తుడిచింది నేను బాబాయ్" అంది.

వేదాద్రి గారు తలుపు వేయించి మరీ మాట్లాడారు. "థీసిస్ ఇచ్చేయ్. డిగ్రీ చేతికొచ్చాక చూద్దాం. ఇప్పుడు పేపరు వెనక్కి తీసుకుంటే నా పరువేం కాను?"

"తప్పని తెలిసి ఎలా ఇవ్వను సార్? మామూలు నీళ్ల పనితో రాస్తాను. నాలుగు నెలలు గడువు పొడిగించమని మీరు ఒక్క ఉత్తరం రాయండి."

"పేపరు వెనక్కి తీసుకుంటే నా సంతకం ఆశించకు."

ఆమె ఆ సాయంత్రమే పత్రికకు రాసింది. పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు నాలుగు వరసల ప్రకటన వచ్చింది. పొరపాటు సువర్చలదని అందులో ఉంది. తొందరపెట్టిన గైడు గారి ఊసు లేదు. ఉత్తరం ఆయన రాయలేదు. మార్చి వచ్చింది, వెళ్లిపోయింది, గడువుతో సహా.

సువర్చల బొబ్బిలిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతోందని సన్యాసిరావు ఎవరితోనో అంటుంటే విన్నాను. తరవాత అతనూ రిటైరయ్యాడు. గదిలోకి నా పని చేసే కొత్త రకం తెర వచ్చింది. కంప్యూటరులో మీట నొక్కితే చాలు, వెలుగును గారె, పువ్వు, నిచ్చెన, ఎలా కావాలంటే అలా మలుస్తుంది. దానికి వెనకా ముందూ గొడవ లేదు. నేనున్న హోమియో మాత్రల డబ్బాను సొరుగులో పడేశారు.

ఆ డబ్బాలో దూది మధ్య నన్ను పెట్టింది సువర్చలే. వెళ్లిపోయే రోజు వచ్చి, సంచిలోంచి గోళ్లరంగు సీసా తీసింది. మెలిక ఏ వైపుందో రెండుసార్లు సరిచూసుకుని, అంచున ఎర్ర చుక్క పెట్టింది. తడి ఆరేదాకా నన్ను అరచేతిలో పట్టుకుని కూచుంది. "తరవాత వచ్చేవాళ్లు పొరబడకూడదు" అంది సన్యాసిరావుతో.

తరవాత నా కోసం ఎవరూ రాలేదు. ఆ చుక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నన్ను తుడిచేవాళ్లు లేరు మరి.