వాకిట్లో ఆతిష్‌దాన్

మా మామ శంకరప్ప ఒక చలికాలం పొద్దున పరాయివాడి పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో జరిగిన గొడవంతా ఆ పెట్టెతోనే మొదలైంది.

అప్పటికి హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఏడాది దాటింది. వికారాబాద్ గంజ్‌లో, అంటే ధాన్యం బజారులో, మాది కందుల వ్యాపారం. మా ఆయన పేరు నా నోటితో చెప్పే అలవాటు లేదు గానీ, ఊరంతా సోమేశ్వర్ సేటు అంటుందని మాత్రం చెబుతాను. మా అత్త పోయిన ఏడే మామ వ్యాపారం కొడుక్కి అప్పజెప్పాడు. ఆ తర్వాత ఆయనకు మిగిలిన పని ఒక్కటే. కోడి కూయగానే గొంగడి కప్పుకుని గంజ్ గేటు దగ్గరికి పోవడం. అక్కడ బస్తాలు మోసే హమాలీలు, బండ్లవాళ్ళు కందికట్టె తెచ్చి మంట వేసేవాళ్ళు. అనంతగిరి గుట్టల మీది నుంచి గాలి దిగితే మా ఊళ్ళో నీళ్ళు ముట్టుకోవడానికి కూడా భయమే. మామ వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని, చుట్ట కాల్చుకుని, ఊళ్ళో సంగతులన్నీ పోగేసుకుని, ఎండ ఎక్కాక ఆకలితో ఇంటికి వచ్చేవాడు. రెండు జొన్నరొట్టెలు తింటూ ఎవరి ఎద్దు కుంటిదైందో, ఎవరి కోడలు అలిగి పోయిందో నాకు చెప్పేవాడు. నేను పొయ్యి ముందు నుంచి కదలకుండానే వికారాబాద్ మొత్తం తిరిగి వచ్చినట్టుండేది.

ఆ రోజు హైదరాబాద్ నుంచి ఒక పప్పుమిల్లు సేటు రైలు దిగాడు. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. మంట దగ్గర ఆగి సోమేశ్వర్ సేటు ఇల్లు ఎక్కడని అడిగాడు. మామ లేచి, నేనూ అటే పోతున్నా, రమ్మన్నాడు. ఆ సేటు తన పెట్టె తీసి మామ చేతికి ఇచ్చాడు. పాపం, అతనికేం తెలుసు. మామ దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు, బరువేం లేదు గదా అని.

మా ఆయన షేర్వాణీ గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలోకి ఎదురొచ్చాడు. తండ్రి నెత్తిన పెట్టె చూసి ఆయన రంగు మారిపోయింది. ఆ సేటు పెట్టె దించుకుంటూ, ముసలాయన మంచివాడు, మీ దగ్గర ఎన్నేళ్ళ నుంచి ఉన్నాడని అడిగాడు.

"నా చిన్నప్పటి సంది," అన్నాడు మా ఆయన.

మామకు ఆ మాట వినబడింది. వంటింట్లోకి వచ్చి, పీట మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కన్నతండ్రిని తండ్రి అని చెప్పుకోలేని నోటికి పొద్దున్నే రొట్టెలు చేసి పెడుతున్నానే అని ఒళ్ళు మండింది.

ఆ సిగ్గు మా ఆయనను రెండు రోజులు నమిలింది. మూడో రోజున తప్పు తనది కాదు, మంటదని తేల్చుకున్నాడు. మంట ఇంట్లోనే ఉంటే నాయిన గంజ్‌కు ఎందుకు పోతాడన్నది ఆయన లెక్క. ఆ సాయంత్రమే, ఇక ముందు హమాలీల మంట దగ్గర కూర్చోవద్దని తండ్రికి చెప్పేశాడు. మామ తల ఊపాడు. ఇల్లు కొడుక్కి ఇచ్చేశాక ఆయన దేనికీ ఎదురు చెప్పడం మానేశాడు.

మా ఆయన మొదట ఇనుప కుంపటి తెచ్చాడు. నిండా బొగ్గులు పోసి వాకిట్లో మామ ముందు పెట్టాడు. దాని వేడి జానెడు దూరం దాటితే ఒట్టు. మామ మోకాళ్ళు కాలేవి, వీపు వణికేది. ఓ పూట తిరిగి కూర్చుంటే గొంగడి అంచు అంటుకుంది. తర్వాత హైదరాబాద్ నుంచి కిరసనాయిలుతో మండే ఒక హీటర్ వచ్చింది. గాలి కొట్టి వెలిగిస్తే బుస్సుమని ఒకటే రొద. మామ కాసేపు విని, రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందా, ఇంకా రావాలా అని అడిగాడు. దాని వాసనకు మా బర్రె రెండు రోజులు పాలు సరిగా ఇవ్వలేదు. దాన్ని కూడా అటకెక్కించారు.

అప్పుడు మా ఆయనకు ఎవరో నవాబు బంగళాలో చూసిన ఆతిష్‌దాన్ గుర్తొచ్చింది. గోడలో గూడు, గూట్లో మంట, పైన పొగగొట్టం, చుట్టూ నున్నటి రాయి. ఇంట్లో కడితే పొగకు కందుల బస్తాలు పాడవుతాయని వాకిట్లో, ప్రహరీ గోడకు ఆనించి కట్టాలనుకున్నాడు. అదీ తాండూరు బండతో.

తాండూరు ఆయన మేనమామల ఊరు. అక్కడివాళ్ళు బండ మీద పుట్టి, బండ మీద తిని, బండ మీద పడుకుంటారు. ఇంటి కప్పు బండే, బర్రెల తొట్టి బండే, చివరికి సమాధి మీద కప్పేదీ బండే. ఆ రాయితో కాని పని ఈ లోకంలో లేదని ఆయన నమ్మకం. మా ఇంట్లో కూడా అన్నీ ఆ బండలే. వంటింట్లో పొయ్యి మాత్రం మట్టిది. అదొక్కటే మట్టిది ఎందుకైందో తెలుసుకోవడానికి మా ఆయన ఎన్నడూ వంటింట్లోకి రాలేదు. నేను చెప్పబోతే, నున్నటి రాతికి పేడ పూయమంటావా అని మూతి తిప్పుకున్నాడు.

ప్యాసింజరు ఎక్కి తాండూరు పోయి, గనుల దగ్గర రెండు రోజులు ఉండి, పెళ్ళిచూపులు చూసినట్టు ఒక్కొక్క బండ చూసి, నీలపు రంగువి ఏరి పాలిష్ పట్టించి తెచ్చాడు. కట్టడానికి మర్‌పల్లి నుంచి ఏసుదాసు మేస్త్రీ వచ్చాడు. అతను బండను వేలితో కొట్టి చూసి, పైన నీళ్ళు చల్లి చూసి, మా ఆయనతో ఒక్కటే మాట అన్నాడు.

"సేట్, గీ రాయి ఎండకు ఆగుతది, వానకు ఆగుతది. అగ్గికి ఆగదు. పొరలు పొరలుంటది, పేలుతది. లోపలి దిక్కు ఇటుకలు పెట్టి మట్టి మెత్తుదాం."

మా ఆయనకు తాండూరు రాయిని అంటే మేనమామలను అన్నట్టే. చెప్పింది కట్టు అన్నాడు. ఏసుదాసు కట్టాడు. పొగగొట్టం దగ్గర మాత్రం మరొకసారి ఆగి, వాకిట్లో గొట్టం దేనికని అడిగాడు. పొగ పైకి పోవడానికి అని జవాబు వచ్చింది. గొట్టం లేకపోతే పొగ ఎటు పోతుందని ఏసుదాసు అడిగాడు. మా ఆయన కాసేపు ఆకాశం వైపు చూసి, తొందరగా పని చూసుకోమన్నాడు. గొట్టం మా ఇంటి కప్పు కంటే ఎత్తు లేచింది. మా వాడలోవాళ్ళు సేటు ఇంట్లో మిల్లు పెడుతున్నాడనుకున్నారు.

కట్టడం అయిపోయిన నాడు కొబ్బరికాయ కొట్టి మంట వేశారు. ఇక చూడాలి ఆ రాతి మర్యాదలు. కందికట్టె వేయకూడదు, మసి పడుతుంది. తుమ్మకట్టె చిన్న చిన్న పేళ్ళుగా కొట్టి, ఎండబెట్టి, పొద్దుకు నాలుగే వేయాలి. ఆ పేళ్ళు వేరే గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. దగ్గర చుట్ట కాల్చకూడదు. బూడిద ఎప్పటికప్పుడు ఎత్తాలి. సాయంత్రం చల్లారాక రాయి మొత్తం తడిగుడ్డతో తుడవాలి, మెరుపు పోకుండా. తుడిచేది ఎవరు? ఇంకెవరు, నేనే. నాలుగు పేళ్ళ మంటకు రాయి గోరువెచ్చగా కూడా అయ్యేది కాదు గనక పేలనూ లేదు. ఏసుదాసుకు తెలిసింది ఇంతేనా అని మా ఆయన మీసం దువ్వుకున్నాడు.

మామ పొద్దున్నే లేచి వచ్చి దాని ముందు కుర్చీలో కూర్చునేవాడు. గొంతుక్కూర్చుంటే షాన్ పోతుందని కొడుకు కుర్చీ వేయించాడు. ఎవరూ లేని వాకిట్లో, నాలుగు పేళ్ళ ముందు, ఆయన ఒక్కడే. మంటను చూసేవాడు, గేటును చూసేవాడు. వారం తిరిగేసరికి రెండు రొట్టెలు ఒకటయ్యాయి. తర్వాత ఒకటి సగమైంది. సంగతులు చెప్పడం ఆగిపోయింది, చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేవు. నేనే బాయి దగ్గర విన్నవి చెబితే ఊ కొట్టేవాడు. ఒక పొద్దున లేవనే లేదు. జ్వరమేమో అని నుదురు పట్టి చూశాను, చల్లగానే ఉంది.

"లేసి ఏం జేయాలె బిడ్డా," అన్నాడు. "నేను రాలేదని అడిగేటోడు ఎవడున్నడు."

నేను ఆయన మంచం దగ్గర కూర్చుని ఏడ్చాను. మా అత్త పోయినప్పుడు కూడా ఆయన ఇలా మాట్లాడలేదు. అత్త పోయిన మర్నాడు సైతం లేచి మంట దగ్గరికి పోయిన మనిషి. ఇలాగే వదిలేస్తే ఈ చలికాలం దాటడని నాకు అర్థమైంది. మా ఆయనతో చెప్పాను. కుర్చీలో మెత్త వేయించాడు.

ఇక చెప్పడం వల్ల కాదని ఆ సాయంత్రం నేను రాతిని తుడవడానికి పోయాను. తుడవమన్నది తడిగుడ్డతోనే. నేను రెండు బిందెలు పోసి కడిగాను. ఏసుదాసు చెప్పిన పొరల్లోకి నీళ్ళు ఇంకేలా సందుసందుకూ పోసి మరీ కడిగాను. పెద్దలు చెప్పిన పని కొంచెం ఎక్కువే చేశాను, తప్పేముంది.

తెల్లవారగానే మామను లేపి గొంగడి కప్పి బయటికి తెచ్చాను. బర్రెకు జర గడ్డి వేసి రమ్మని ఆయనను కొట్టం వైపు పంపాను. తర్వాత గూడు నిండా కందికట్టె కుక్కి, దాని మీద ఇంకా ఎత్తి, అగ్గిపుల్ల గీసి, నేనూ కొట్టం చాటుకు పోయాను. మంట గొట్టం దాకా లేచింది. అంత మంచి మంట ఆ ఆతిష్‌దాన్‌లో మొదటిసారి. మామ చేతిలో గడ్డి అలాగే ఉంది, దూరం నుంచే చూస్తూ నిలబడ్డాడు.

మొదటి బండ ఠాప్‌మని పేలింది. రెండోది దాని కంటే గట్టిగా. ఆ తర్వాత నేను లెక్క పెట్టలేదు. రాతి చెక్కలు ప్రహరీ దాటి పక్కింటి పెంకుల మీద పడ్డాయి. బర్రె తాడు తెంపుకుంది. మా ఆయన లోపల మంచం కింద దూరాడు. రజాకార్ల రోజులు పోయి అప్పటికి పదేళ్ళు కాలేదు గనక ఆయనను తప్పు పట్టను. కానీ పెళ్ళాన్ని, తండ్రిని లోపలికి రమ్మని ఒక్క కేకైనా వేయకుండా దూరాడన్నది మాత్రం ఈనాటికీ మరిచిపోలేదు.

చివరికి పొగగొట్టం వంగి, కాసేపు ఆలోచించి, పడిపోయింది.

దుమ్ము ఇంకా అణగకముందే గేటు దబదబ బాదారు. తీసేలోపే తోసుకుని వచ్చారు. గంజ్ హమాలీలు, బండ్లవాళ్ళు, పది పన్నెండు మంది. చేతుల్లో కొక్కేలు, ముల్లుకర్రలు. ముందు బిచ్చయ్య, మామ ఈడువాడే, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. శంకరప్ప ఇంట్లో తుపాకులు పేలుతున్నాయని పరుగెత్తుకొచ్చారట. మామ కొట్టం దగ్గర గడ్డితో నిలబడి ఉండడం చూసి బిచ్చయ్య అక్కడే కూలబడ్డాడు.

బండలు పడిపోయినా కందికట్టె మండుతూనే ఉంది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఒక్కొక్కరే పగిలిన రాతి ముక్కలు కాలితో పక్కకు నెట్టి మంట చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మామ కుర్చీని దాటి వచ్చి వాళ్ళ మధ్య కూర్చున్నాడు. నన్నెందుకు చూడడానికి రాలేదురా అని బిచ్చయ్యను అడిగాడు. చిన్నసేటు రావద్దని చెప్పి పంపాడని బిచ్చయ్య చెప్పాడు. ఆ సంగతి నాకూ తెలియదు.

అప్పటికి మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, నెత్తి నిండా బూజుతో. బిచ్చయ్య ఆయనను చూశాడు గానీ లేవలేదు. మామతోనే మాట్లాడాడు.

"మా మంట కాడ కట్టె ఏసినోనికే కూసుండే జాగ. గది నీకు ఎరికనే. నువ్వు రానికాడికెల్లి రోజు నీ పేరు మీద ఒక కట్టె నేనేస్తున్న పెద్దసేటూ. లేకుంటే నీ జాగల ఇంకొకడు కూసుంటడు."

మామ గొంగడితో ముక్కు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. పొగ అవతలి వైపు పోతోంది.

మా ఆయన లోపలికి తిరిగి పోయాడు. బండలు పోయిన కోపమంతా ఇప్పుడు ఎవరి మీద పడుతుందోనని నేను చీర కొంగు బిగించుకున్నాను. మొలతాడు తాళంచెవి చప్పుడైంది, గది తలుపు తెరిచిన చప్పుడైంది. చేతుల నిండా తుమ్మపేళ్ళు ఎత్తుకుని బయటికి వచ్చాడు. తండ్రి ముందు నిలబడి ఎటో చూస్తూ, గంజ్ మంట కాడికి పోతే చేతులు ఊపుకుంటూ పోకు నాయినా అని, ఆ పేళ్ళన్నీ ఆయన ఒళ్ళో పెట్టాడు.