ఇరవై నాలుగు మైళ్ల హిందూపురం

"హిందూపురం దూరమని ఎవురన్నారు మామా? ఇప్పుడే విమానంలో దిగినా. తొమ్మిది నిమిషాలు. పైనుంచి చూస్తే పెనుకొండ కోట తట్టలో పెట్టిన సంగటి ముద్ద మాదిరి ఉండాది," అన్నాడు లింగప్ప, మొహం చెక్కలా పెట్టుకుని.

ధర్మవరం నేతగాడు ఆంజనప్ప మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే, ఆ విమానం ఎక్కడ దిగిందని అడిగాడు. బత్తలపల్లి శెనక్కాయ చేనులో దిగిందనీ, చేను ఆసామి దాన్ని ఎద్దనుకుని గడ్డి వేశాడనీ లింగప్ప చెప్పాడు. ఆంజనప్ప లేచి, అతని చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న బస్సు టికెట్టు లాగి అతని చేతిలోనే పెట్టాడు. మగ్గం వెనక ఆయన కూతురు ఆదిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లింగప్ప హిందూపురం నుంచి నేతగాళ్లకు పట్టునూలు తెస్తుంటాడు. ఏడాదిగా నూలు సాకు, ఆదిలక్ష్మి అసలు పని. అతనంటే ఆంజనప్పకు కోపమేమీ లేదు. కానీ పెద్దకూతురిని ఆదోని అవతల ఇచ్చాడు. ఆమెకు జ్వరమన్న కబురు అంది, ఆయన పోయేసరికి అంతా అయిపోయింది. అప్పటినుంచీ ఒకటే మాట: ముప్పై మైళ్లు దాటిన ఊరికి పిల్లనివ్వడు. హిందూపురం ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఇరవై నాలుగే మామా. వచ్చే సోమవారం నాతో రా. మైలురాళ్లు నువ్వే చూద్దువు," అన్నాడు లింగప్ప.

ఆ వారమంతా సున్నం బక్కెట, మసి డబ్బా మోసుకుంటూ దారి పొడుగునా నడిచాడు. మొత్తం నలభై ఎనిమిది రాళ్లు. ఒక్కో అంకె రెండేసి రాళ్లమీద రాశాడు. చెన్నేకొత్తపల్లి దగ్గర ఒక ముసలాయన ఇదేమిటని అడిగితే, ఎండలకు రోడ్డు ముడుచుకుపోయిందని, సర్కారు కొలతలు సరిచేయిస్తోందని చెప్పాడు. ముసలాయన తన అల్లుడి ఊరు కూడా కాస్త ఇటు జరపమని బతిమాలాడు.

సోమవారం బస్సులో లింగప్ప ప్రతి రాయినీ గట్టిగా చదివాడు. పెనుకొండ దగ్గర కండక్టరు, పన్నెండు రెండుసార్లు వచ్చిందేమని గొణిగాడు. బస్సు మెల్లగా పోతోంది మరి, అన్నాడు లింగప్ప. రాయి వచ్చినప్పుడల్లా ఆంజనప్ప చెయ్యి వక్కాకు సంచిలోకి పోయి, చొక్కా జేబులోకి వస్తోంది.

హిందూపురంలో దిగగానే ఆయన అరుగు మీద తువ్వాలు పరిచి జేబు బోర్లించాడు. చింతగింజలు. నలభై ఎనిమిది.

"నాకు చదువు రాదబ్బా. పోగులు లెక్కపెట్టను వచ్చు. రాయికొక గింజ ఏసినా."

లింగప్ప తన గోళ్లు చూసుకున్నాడు. సున్నం ఇంకా వదల్లేదు. చదువురాని మనిషి కోసం దారంతా రాసి చచ్చాడు.

"నా బిడ్డకు ఏమన్నా అయితే," అన్నాడు ఆంజనప్ప గింజలు ఏరుకుంటూ, "నాకు కబురు ఎంతసేపట్లో చేరుస్తావు?"

తొమ్మిది నిమిషాలు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాడు.

"బస్సుంటే ఒక పూట మామా. లేకుంటే నడిచి రెండు దినాలు. నడిచి చూసినాలే, కాళ్లు బొబ్బలెక్కినాయి. రాళ్లమీద రాసింది నేనే."

ఆంజనప్ప ఆ కాళ్లకేసి చూశాడు. "రాళ్లన్నీ మల్ల ముందున్నట్ల రాసుకుంటా ధర్మవరం రా. ఆడ మాట్లాడదాం."

"వస్తా మామా," అన్నాడు లింగప్ప. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "విమానం కూడా ల్యాదు మామా," అన్నాడు.