వద్దని రాయడానికి వచ్చిన అక్క

ఆ ఉదయం క్రిస్పూలాకి కాలు నేల మీద నిలవలేదు. ఎలా నిలుస్తుంది? ముప్పై ఏళ్ళు దున్నపోతు బళ్ళెక్కి ఇలోయిలో పట్నం చుట్టుపక్కల ఊరూరా తిరిగి, ఆడవాళ్ళకి ఓటు కావాలని అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన మనిషి. కుళ్ళిన బాతుగుడ్లతో కొట్టించుకుంది. ఓటా నేనా తేల్చుకోమన్నవాడిని పొమ్మని, కుదిరిన పెళ్ళి వదులుకుంది. చివరికి రాజధాని మనీలాలో చట్టాలు చేసే పెద్దమనుషులు దిగొచ్చారు, కానీ ఊరికే ఇస్తారా? మెలిక పెట్టారు. దేశం మొత్తం మీద మూడు లక్షల మంది ఆడవాళ్ళు బడుల దగ్గరికొచ్చి 'కావాలి' అని రాస్తేనే ఓటు, లేకపోతే లేదు. మగవాళ్ళకి ఈ పరీక్ష ఎవడు పెట్టాడని మాత్రం అడక్కండి, నాకు ఒళ్ళు మండుతుంది.

సాన్ ఇసిద్రో బడి ముందు వరస వీధి మలుపు దాటింది. చేపలమ్మేవాళ్ళు, నేతపనివాళ్ళు, పంతులమ్మలు, చంకలో పిల్లలతో కోడళ్ళు! క్రిస్పూలా ఎవరి పిల్లాణ్ణో చంకనేసుకుని, ఎండకి సోలిపోతున్నవాళ్ళ చేతుల్లో బియ్యప్పిండి రొట్టెలు పెడుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగులు పెడుతోంది.

అంతలో గుడి వైపు నుంచి అక్క బాసిలిసా వచ్చింది. వెనకే జపమాల సంఘం ఆడవాళ్ళంతా వచ్చారు. ఆదివారం కట్టే గంజి పెట్టిన చేతుల రవికలు, మెళ్ళో శిలువలు. వాళ్ళు బాసిలిసా కూర్చోమంటే కూర్చుంటారు, లేవమంటే లేస్తారు. క్రిస్పూలా గబగబా ఎదురెళ్ళింది.

"అక్కా, నువ్వూ వచ్చావా?"

"వచ్చాను. వద్దని రాయడానికి. నీ కరపత్రాలు పొయ్యిలో పెట్టి అన్నం వండినదాన్ని, కావాలని రాస్తాననుకున్నావా? మా వాళ్ళు కూడా నేనేం రాస్తే అదే రాస్తారు."

"వద్దని చెప్పడానికి ఇంత ఎండలో ఓటుకొచ్చావా, తల్లీ!" అని చేపల తాసియా పకపకా నవ్వింది. వరసంతా నవ్వింది. బాసిలిసా మూతి ముడుచుకుని నిలబడింది.

ఆమె వంతు రాగానే గుమ్మం లోపల బల్ల దగ్గర కూర్చుని కాగితాలిచ్చే గుమాస్తా ఫావుస్తో చూపు ఆమె చేతుల మీద పడింది. వయసు మీద పడి ఆ చేతులు వణుకుతున్నాయి.

"చదువూ రాతా వచ్చినవాళ్ళకే, అమ్మమ్మా. ఆ చేత్తో ఏం రాస్తావు? ఇంటికి పోయి జపమాల తిప్పుకో."

గేటు దగ్గర పందెం కోళ్ళు చంకన పెట్టుకుని నిలబడ్డ మగవాళ్ళు గొల్లుమన్నారు. బాసిలిసా ముఖం కందగడ్డయింది. ఊరందరినీ దులిపేసే మనిషి, వెనక్కి తిరగబోయింది.

తాసియా క్రిస్పూలా చెయ్యి గిల్లింది. "నోరు మూసుకో. ఆవిడ పోతే సంఘమంతా పోతుంది. ఎన్ని వద్దులు పోతాయో చూసుకో!"

నిజమే కదా. నోరు మూసుకుంటే చాలు. కానీ చిన్నప్పుడు బియ్యంలో తన వేలు పట్టి అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే. క్రిస్పూలా పిల్లాణ్ణి తాసియా మీదికి తోసి బల్ల మీద దబ్బున చరిచింది.

"చెయ్యి వణకకూడదని ఏ చట్టంలో ఉందిరా? చూపించు! నాకు రాత నేర్పిందే ఈవిడ. కాగితం ఇయ్యి."

"మీకు వ్యతిరేకంగా రాయడానికొచ్చిందండీ ఆవిడ!"

"నాకు తెలీదా? రాయనీ. వద్దని రాసే హక్కు కూడా ఆమెదే. ఇస్తావా, ఈ వరసనంతా లోపలికి పిలవమంటావా?"

వరసంతా హోరెత్తింది. ఫావుస్తో కాగితం ఇచ్చాడు.

బాసిలిసా చాలాసేపటికి బయటికొచ్చింది, తల పైకెత్తుకుని.

"వద్దనే రాశాను. గుండ్రంగా, ఒక్క అక్షరం వంకర పోకుండా."

"చాలా సంతోషం అక్కా," అంది క్రిస్పూలా. నిజంగానే సంతోషం, కళ్ళు చెమర్చాయి.

బాసిలిసా వెనక్కి తిరిగి ఫావుస్తో వైపు చూసింది. "ఏడాది చివర వీడి అన్న మేయరు పదవికి నిలబడతాడటగా? ఆ రోజు నన్ను తెల్లారేసరికి తీసుకురా. అమ్మమ్మట! వీడి అన్నని ఎలా ఓడిస్తానో చూద్దువుగాని."

"ఎలా తీసుకొస్తానే? వద్దని రాసొచ్చావు కదా! వద్దంటే ఇక ఓటే ఉండదు."

బాసిలిసా నాలిక్కరుచుకుంది. తలుపు వైపు చూసింది. పెట్టెలో వేసిన కాగితం తిరిగి రాదు కదా! రెండంగల్లో జపమాల సంఘం ముందుకెళ్ళి నిలబడింది.

"ఒసేయ్, వినండి. అందరూ కావాలని రాయండి. నేను రాసింది మర్చిపోండి."

"ఇక్కడ ప్రచారం చెయ్యకూడదు!" అని లోపలి నుంచి ఫావుస్తో అరిచాడు.

"ప్రచారం కాదురా నాయనా, మా సంఘం ప్రార్థన!"

తాసియా నవ్వలేక కడుపు పట్టుకుని, పిల్లాణ్ణి మళ్ళీ క్రిస్పూలా చేతికిచ్చింది. బాసిలిసా చెల్లెల్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు రాశావా?"

"ఇంకా లేదక్కా. వీళ్ళందరి పనీ అయ్యాక..."

"ముప్పై ఏళ్ళు అరిచింది ఇందుకటే, పిచ్చి మొహమా?" బాసిలిసా పిల్లాణ్ణి లాక్కుని తన చంకనేసుకుంది. సంఘం వాళ్ళు జరిగి చోటిచ్చారు. వణికే చేత్తోనే చెల్లెల్ని ముందుకు తోసింది.

"పో. నేను రాసిన వద్దు ఎవరికీ కనపడనంత పెద్దగా రాయి."