నలభై భోజనాలు, ఒక బంపరు

తబిత కారు డిక్కీలో సాంబారు తుడుస్తోంది. నిన్న స్పీడ్ బ్రేకర్ మీద ఒలికిన సాంబారు. నిన్ననే రెండుసార్లు కడిగింది. అయినా మ్యాట్ కింద, సీటు మడతలో, స్టెప్నీ గుంటలో ఇంకా మిగిలే ఉంది. డిక్కీ తీయగానే పులిసిన చింతపండు వాసన గుప్పుమంటోంది. మెట్ల మీద కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ మొగుడు బెన్సన్ ఆ వాసనకి ముక్కు చిట్లించి, "స్లోగా నడపాలి తబితా. ఇప్పుడది మామూలు బండి కాదు," అన్నాడు.

నిజమే, మామూలు బండి కాదు. పది రోజుల కిందటి దాకా మామూలు బండే. తెల్లటి చిన్న కారు, సెకండ్‌హ్యాండ్‌ది, ఎవరూ రెండోసారి తిరిగి చూడనిది. కాని రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి యూసుఫ్‌గూడ సందులోంచి బయల్దేరి, నలభై మంది భోజనం మోసుకుని, ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కి, సినిమాలకి గ్రాఫిక్స్ చేసే ఒక ఆఫీసు ముందు పన్నెండున్నరకల్లా ఆగేది. నాలుగేళ్ళలో ఒక్కరోజు నాగా లేదు. తెల్లవారకుండా లేచి వండేది తబితే, సర్దేది తబితే, నడిపేది తబితే, తిరిగొచ్చి గిన్నెలు తోమేదీ తబితే. ఇంటి అద్దె, అత్తగారి మందులు, బెన్సన్ సిగరెట్లు, అన్నీ ఆ డిక్కీలోంచే వచ్చేవి. ఎవరైనా అడిగితే మాత్రం, "మా ఆవిడకి వంటంటే సరదా," అంటాడు బెన్సన్.

బెన్సన్ కో-డైరెక్టర్. పద్దెనిమిదేళ్ళుగా కో-డైరెక్టరే. చేతిలో సొంత కథ ఉంది, వినే ప్రొడ్యూసర్ దొరకాలి. కిందటి నెల జూబ్లీహిల్స్‌లో ఒక ఆఫీసుకి ఇదే కారులో వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, "కేటరింగ్ బండ్లు ఎనక గేటుకెల్లి పోవాలె," అన్నాడట. కారులోంచి వచ్చే పోపు వాసన చూసి అన్నాడో, కారు మొహం చూసే అన్నాడో. ఇంటికొచ్చి మూడు రోజులు సరిగా అన్నం తినలేదు బెన్సన్. తబితకి జాలేసింది, అబద్ధమెందుకు. "ఈ ఊళ్ళో కథ కంటే ముందు కారు లోపలికెళ్ళాలి, తెలుసా," అన్నాడు. తెలుసు అంది. ఆ మాట పట్టుకుని ఏం చేస్తాడో మాత్రం తెలియలేదు.

తరవాతి శనివారం సర్వీసింగని కారు తీసుకెళ్ళాడు. ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఎర్ర రిబ్బను కట్టిన కారు. ముందు కొత్త బంపరు, దాని కింద పెదవిలాంటి అంచు రోడ్డుకి నాలుగు వేళ్ళ ఎత్తున. పక్కల రెండు నల్లటి ఫైబర్ పలకలు. వెనక ఒక రెక్క. అది చాలదన్నట్టు పాత స్ప్రింగులు తీయించి పొట్టివి వేయించి బండి మొత్తాన్ని నేలకి దించేశాడు. "హ్యాపీ బర్త్‌డే తబితా. బాడీ కిట్ ఎలా ఉంది?" అన్నాడు. చర్చి నుంచి వెంట వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు, పక్కింటివాళ్ళు ఫోన్లు తీశారు. అందరూ తన మొహంలోకే చూస్తుంటే, "బాగుంది," అంది తబిత.

ఆ 'బాగుంది' పది రోజులుగా గొంతులో చేపముల్లులా ఉంది. ఎందుకన్నావే ఆ మాట, అని తనని తను వంద సార్లు తిట్టుకుంది. పెళ్ళైన కొత్తలో బెన్సన్ ఆమె ఉంగరం తాకట్టు పెట్టి షార్ట్ ఫిల్మ్ తీసి చూపించినప్పుడూ ఇదే మాట. ఉన్న ఒక్క బెడ్‌రూమునీ కథ రాసుకునే గది చేసుకుని, ఆమె పరుపు వంటింటి పక్కకి జరిపినప్పుడూ ఇదే మాట. ఈ కారు మాత్రం అలా వచ్చింది కాదు. ఆడవాళ్ళకి క్లచ్ ఒక పట్టాన అర్థం కాదని మొగుడు నవ్వుతుంటే, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో నేర్చుకుని, తన పేరు మీద తను కొనుక్కున్న కారు. మొదటి వారంలోనే గేటు స్తంభానికి గుద్దితే ముందు బంపరుకి ఎడమ పక్క అరచేయంత సొట్ట పడింది. సొట్ట తీయిస్తానన్నాడు బెన్సన్. వద్దంది. రోజూ బయల్దేరే ముందు దాన్ని ఒకసారి తడిమి ఎక్కేది. వెళ్ళేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు అరగంట. ఆ గంటలో ఆమెని నీళ్ళు తెమ్మనేవాళ్ళు లేరు, టవలు ఎక్కడ పెట్టావనేవాళ్ళు లేరు. రోజు మొత్తంలో ఆమెకున్నది ఆ గంటే. దానికి తెచ్చి రెక్క పెట్టాడు.

అత్తగారు అమ్మాజీ మొదటిరోజే, "మగాడు ముచ్చటపడి చేయించాడు, మొహం అలా పెట్టుకుంటావేం," అంది. నాలుగోరోజు ఆసుపత్రికి తీసుకెళితే ఆ లోతు సీట్లోంచి లేవలేక తబిత మెడ పట్టుకుని వేలాడింది. "నా మోకాళ్ళు విరిగిపోతున్నాయే. వాడితో మాత్రం అనకు, బాధపడతాడు." వాడు బాధపడతాడు కాబట్టి తబిత మెడ పట్టేసింది.

సాంబారు తుడిచిన ఆ బుధవారమే, నలభై భోజనాలూ ఎక్కించేసరికి బండి ఇంకో రెండు వేళ్ళు దిగింది. ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే కిందనుంచి కర్రుమని చప్పుడు, గుండెని గీరినట్టు. ఇంక ఒకటే దారి. కారు ఆపింది. అన్నం గిన్నె, పప్పు, కూర, సాంబారు డబ్బా ఒక్కొక్కటే దించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని మోసుకెళ్ళి స్పీడ్ బ్రేకర్‌కి అవతల ఫుట్‌పాత్ మీద పెట్టింది. ఖాళీ కారుని ఏటవాలుగా దాటించింది. మళ్ళీ అన్నీ ఎక్కించింది. రెండోదాని దగ్గర మళ్ళీ అంతే. మూడోదాని దగ్గర బైకు మీద వెళ్ళే ఒకాయన ఆగి, "మేడమ్, ఏ సినిమాకండీ ఈ బండి? హీరోదా, విలన్‌దా?" అని అడిగాడు. ఫోటో కూడా తీసుకున్నాడు. అన్నం గిన్నె మాత్రం పట్టలేదు.

ఆఫీసు చేరేసరికి ఒకటీ ఇరవై. అడ్మిన్ చూసే భావన గుమ్మంలోనే నిలబడి ఉంది. మంచి పిల్ల, ఎప్పుడూ పేరు పెట్టి మర్యాదగా మాట్లాడుతుంది. "తబితగారూ, ఈ వారంలో ఇది మూడోసారి. నిన్న సాంబారే రాలేదు. మా సార్ వేరే వెండర్‌ని చూడమంటున్నారు. రేపొక్కరోజు టైమ్‌కి ఇవ్వండి, నేను మాట్లాడతాను. రేపు కూడా లేటైతే నా చేతిలో లేదండీ," అంది. తలూపింది తబిత. కారెక్కిందో లేదో బెన్సన్ ఫోన్. గొంతులో పొంగు. "రేపు పదకొండింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చారు, అదే ఆఫీసు. కారు నాకు కావాలి. నీ లంచ్ ఏదో ఆటోలో పంపించెయ్." వాచ్‌మన్ ఈసారి సెల్యూట్ కొట్టాలంటూ ఇంకా ఏదో అన్నాడు. తబిత ఫోన్ పెట్టేసింది. నలభై భోజనాలు. ఏదో ఆటోలో.

ఇంటికి తిరగాల్సిన మలుపు దగ్గర తిరగలేదు. బోరబండ రోడ్డు పట్టుకుంది. ఆ ఆదివారం రిబ్బనుకి వేలాడిన మెకానిక్ షెడ్డు కార్డు మీద ఉన్న పేరు ఆమెకి గుర్తుంది. నర్సింహ షెడ్డు ముందు కారు ఆపి, "ఇదంతా విప్పెయ్యి తమ్ముడూ," అంది.

నర్సింహ చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. "ఏందక్కా, గింత మంచిగ పెడితే? రెండు దినాలు పట్టింది ఫిట్టింగ్‌కి. ఆగు జర, సార్‌కి ఫోన్ చేసి అడుగుత."

"పెట్టేటప్పుడు నాకు ఫోన్ చేసి అడిగావా?"

"సార్ సర్‌ప్రైజ్ అన్నడక్కా."

"ఇది సార్‌కి సర్‌ప్రైజ్. బండి నా పేరు మీద ఉంది, కాగితాలు డాష్‌బోర్డులో ఉన్నాయి, చూసుకో. పాత బంపరు, స్ప్రింగులు ఉన్నాయా, పారేశావా?"

పారేయలేదు. షెడ్డు వెనక రేకుల సందులో ఉన్నాయి. నర్సింహ బంపరు లాక్కొచ్చి నేల మీద పెట్టాడు. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. తబిత చెంగుతో ఎడమ పక్క తుడిచింది. సొట్ట అలాగే ఉంది. ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిచ్చిదానా, బంపరుకి ఏడుస్తావా అనుకుంది గాని, ఆగలేదు.

"కిట్ కోసం కొట్టిన స్క్రూల బొక్కలు కనవడ్తయక్కా. మళ్ళ నన్ననొద్దు."

"కనబడనీ."

సాయంత్రం అయిదు దాకా స్టూలు మీద కూర్చుని ప్రతి స్క్రూ ఊడటం చూసింది. మధ్యలో బెన్సన్ నాలుగుసార్లు, అత్తగారు రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. మొత్తం విప్పి పాతవి బిగించాక నర్సింహ కిట్‌ని తాళ్ళతో కారు నెత్తిన కట్టాడు. పది రోజులు బండి కింద వేలాడిందంతా ఇప్పుడు పైకెక్కి కూర్చుంది. ఇంటిదాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లు వచ్చాయో తబిత లెక్కపెట్టలేదు, ఒక్కటీ తగలలేదు కాబట్టి.

బెన్సన్ ఇంటికొచ్చేసరికి హాల్లో దివాన్ మీద, అత్తగారి పక్కన, కిట్ బంపరు అడ్డంగా పడుకుని ఉంది. అమ్మాజీ దానికి తగలకుండా ఒక మూలకి ఒదిగి కూర్చుని, "నాకేం తెలియదురా నాయనా," అంది. బెన్సన్ కిటికీలోంచి కారుని చూశాడు, బంపరుని చూశాడు, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రేపు పదకొండింటికి అపాయింట్‌మెంట్ అని చెప్పానా లేదా? ఇంత చేసేముందు నన్నొక్క మాట అడగొద్దా? రేపు నేను దేంట్లో వెళ్ళాలి?"

తబిత రేపటి నలభై మందికి కందిపప్పు కొలుస్తోంది. వెనక్కి తిరగలేదు.

"ఏదో ఆటోలో వెళ్ళండి," అంది. "వాచ్‌మన్‌కి చూపించాలంటే ఆ బంపరు ఒళ్ళో పెట్టుకోండి."